తన్ను తాను దిద్దుకొను యంత్రము: అనుకూలన నియంత్రణమున స్థిరత్వ విచార చరిత్ర

యానాము రేవునుండి గౌతమీ పాయపై పడవ నడపు సరంగును గమనించినవారికి ఈ వ్యాసవిషయము క్రొత్తది కాదు. సరుకు నిండిన పడవ చుక్కానికి ఆలస్యముగ లొంగును. ఖాళీ పడవ కొద్దిపాటి త్రిప్పునకే మరలిపోవును. ఆటుపోటులనుబట్టి నీటివేగము మాఱుచుండును. అనుభవశాలియైన సరంగు పడవను నడపుటతో పాటు, ఆనాటి పడవ స్వభావమును నడపుచునే తెలిసికొనును. తెలిసికొన్నదానినిబట్టి తన చేతిబలమును మార్చుకొనును. ఈ రెండు పనులు ఏకకాలమున జరుగును. ఇట్టి నేర్పును యంత్రమునకు కలుగజేయు శాస్త్రమునకే అనుకూలన నియంత్రణమని పేరు.

పరిసరము మాఱినపుడు తానును మాఱగల యంత్రము మాఱని యంత్రముకంటె మేలైనదని మొదటిచూపునకు తోచును. కాని మాఱుటలోనే ఒక ప్రమాదము కలదు. యంత్రము నేర్చుకొనుచున్నది తప్పైనచో, ఆ తప్పు దాని చేష్టయందు ప్రతిఫలించును; ఆ చేష్టనుండి అది మఱల నేర్చుకొనును; తప్పు తప్పును పెంచును. మాఱుచును నిలుకడగ నుండుట సాధ్యమా? సాధ్యమైన, ఏ నిబంధనలతో? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో శాస్త్రజ్ఞులు అర్ధశతాబ్దికి పైగా శ్రమించిరి. ఆ శ్రమలో ఒక వైమానికుని ప్రాణము పోయిన ఘట్టము కలదు. మన ప్రాంతములలో పుట్టినవారి కృషియు కలదు. ఆ చరిత్రను సంగ్రహముగ నిచట నివేదించుచున్నాను.

1. పూర్వరంగము

జేమ్స్ వాట్ 1788లో ఆవిరియంత్రమునకు గవర్నరును అమర్చెను. యంత్రవేగము పెరిగినపుడు రెండు లోహపు గుండ్లు వెలుపలికి విచ్చుకొని ఆవిరిమార్గమును కొంత మూయును. వేగము తగ్గినపుడు లోనికి ముడుచుకొని దానిని తెఱచును. ఫలితమును చూచి కారణమును దిద్దు ఈ పద్ధతిని ఫీడ్‌బ్యాక్ అందురు. అయితే కొన్ని గవర్నర్లు వేగమును నిలుపుటకు బదులు దానిని ఊగులాడించెడివి. దిద్దుబాటు బలము మితిమీరినచో నిలుకడ పోవునని ఇంజనీర్లకు అనుభవమున తెలిసెను. 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ గవర్నర్లపై ఒక పత్రమును ప్రకటించి, నిలుకడకు గణితశాస్త్ర నిబంధనలు కలవని చూపెను.

మాక్స్‌వెల్ పద్ధతి రేఖీయ సమీకరణములకు చెందినది. కారణము రెట్టింపైన ఫలితమును రెట్టింపగుట రేఖీయ లక్షణము. ప్రకృతిలో ఈ లక్షణము కొద్ది మేరకే చెల్లును. అరేఖీయ వ్యవస్థల స్థిరత్వమునకు దారి చూపినవాడు రష్యా దేశీయుడగు అలెగ్జాండర్ లియాపునోవ్. 1892లో ఖార్కోవ్‌లో ప్రకటితమైన తన సిద్ధాంతగ్రంథమున నతడు ఒక సులభమైన ఊహను ప్రతిపాదించెను. గిన్నెలో దొరలుచున్న గోళీ ఏ క్షణమున ఎచట నుండునో లెక్కింపనక్కఱలేదు. దాని శక్తి ఎల్లప్పుడు తగ్గుచున్నదని చూపినచో, తుదకది అడుగునకు చేరునని నిశ్చయింపవచ్చును. అట్లే ఏ వ్యవస్థకైనను శక్తివంటి ఒక రాశిని కల్పించి, అది కాలక్రమమున పెరుగదని చూపగలిగిన, సమీకరణములను సాధింపకయే స్థిరత్వమును నిరూపింపవచ్చును. ఈ ఊహ పాశ్చాత్య ఇంజనీర్ల చేతికి వచ్చుటకు అఱువదేండ్లకు పైగా పట్టెను.

2. అనుకూలనము ఏల అవసరమయ్యెను?

1950 ప్రాంతమున విమానముల వేగము ధ్వనివేగమును దాటెను. భూమికి దాపున దట్టమైన గాలిలో రెక్కమడత కొద్దిగ కదలినను విమానము తీవ్రముగ మరలును. మిక్కిలి ఎత్తున పలుచని గాలిలో అదే కదలికకు ఫలితము స్వల్పము. ఒకచోటికి తగిన దిద్దుబాటు బలము వేఱొకచోట చాలదు, లేదా మితిమీరును. దీనిని ఇంజనీర్లు గెయిన్ అందురు. ఇచట దిద్దుబలమని వ్యవహరింతము. ఈ దిద్దుబలమును యంత్రమే మార్చుకొనవలెనను కోరికనుండి అనుకూలన నియంత్రణము పుట్టినది.

1958లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు విటేకర్, ఆతని సహచరులు ఒక పద్ధతిని రూపొందించిరి. విమానము ఎట్లు నడువవలెనో చూపు ఒక ఆదర్శ నమూనాను ముందుంచుకొని, నమూనాకును విమానమునకును గల భేదము తగ్గు దిశగ పరామితులను క్రమముగ మార్చుట దాని సారము. ఇది ఆ సంస్థ పేరనే ఎమ్.ఐ.టి. సూత్రమని ప్రసిద్ధి కెక్కెను. ఊహ సహజమైనది, చేయుట సులభము, కాని స్థిరత్వమునకు నిరూపణ లేదు. పరామితులను మెల్లగ మార్చినంతవఱకు పని చేయును. త్వరపెట్టినచో కొన్ని సందర్భములలో విపరీతముగ ఊగును.

ఇట్లేల జరుగునో తెలియుటకు మిక్కిలి చిన్న ఉదాహరణము చాలును. సమస్థితినుండి తొలగు స్వభావముగల ఒక వస్తువు కలదనుకొందము. దాని విచలనము ఎంత యున్నదో, ఆ నిష్పత్తిలో మఱింత పెరుగును; ఆ నిష్పత్తి, అనగా వస్తువు యొక్క మొగ్గు, మనకు తెలియదు. నియంత్రకము విచలనమును దిద్దుబలముచే హెచ్చించి వ్యతిరేక దిశలో త్రోయును. మొగ్గుకంటె దిద్దుబలము ఎక్కువైనచో వస్తువు నిలుచును. మొగ్గు తెలియనందున, విచలనవర్గమునకు సమానమైన వేగముతో దిద్దుబలము పెరుగునట్లు ఏర్పఱుతము. ఇంతవఱకు వస్తువు రేఖీయము. నియంత్రకమును రేఖీయమువలె తోచును. కాని దిద్దుబలము ఇపుడు స్థిరసంఖ్య కాదు, తానే కదలుచున్న రాశి. కదలుచున్న రెండు రాశుల గుణకారము సమీకరణమున ప్రవేశించినది. అనుకూలన వ్యవస్థ పుట్టుకతోనే అరేఖీయమగుటకు ఇదియే కారణము. మాక్స్‌వెల్ మార్గమిచట చెల్లదు. లియాపునోవ్ మార్గమే శరణ్యము.

ఆ మార్గమున చూతము. విచలనవర్గములో సగమును, దిద్దుబలమునకును మొగ్గుకంటె పెద్దదగు ఏదేని ఒక సంఖ్యకును గల భేదముయొక్క వర్గములో సగమును కూడుదము. ఈ మొత్తము మాఱు వేగమును లెక్కించినపుడు, దిద్దుబలమున్న పదములు వ్యతిరేక చిహ్నములతో వచ్చి పరస్పరము రద్దగును. మిగులునది ఎన్నడును ధనాత్మకము కాదు. కావున మొత్తము పెరుగదు. దిద్దుబలము మేర దాటదు. విచలనము శూన్యమునకు చేరును. తెలియని మొగ్గు నిరూపణలో అడ్డుపడలేదు. ఇందొక సూక్ష్మము కలదు. వస్తువు నిలిచినది గాని, నియంత్రకము దాని నిజమైన మొగ్గును తెలిసికొనలేదు. పని జరుగుటకు చాలినంత మాత్రమే నేర్చినది. ఈ సూక్ష్మము మున్ముందు గొప్ప చిక్కును తెచ్చినది.

3. 1967 నవంబరు 15

సిద్ధాంతము ఇంకను పసితనమున నుండగనే ప్రయోగము ఆకాశమున కెగసెను. అమెరికా పరిశోధన విమానము ఎక్స్-15 మూడవ ప్రతియందు హనీవెల్ వారి ఎమ్.హెచ్.-96 అను అనుకూలన నియంత్రకమును అమర్చిరి. 1961 డిసెంబరు 20న దానిని తొలిసారి ఎగురవేసినవాడు తరువాత చంద్రునిపై కాలుమోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్. దిద్దుబలమును సాధ్యమైనంత హెచ్చుగ నుంచుట, కంపనము మొదలగు సూచన కనబడగనే తగ్గించుట ఆ నియంత్రకపు పద్ధతి. పెక్కు ప్రయాణములలో అది చక్కగనే పనిచేసెను.

1967 నవంబరు 15న మైకేల్ ఆడమ్స్ అను వైమానికుడు ఆ విమానమును సుమారు 2,66,000 అడుగుల ఎత్తునకు గొనిపోయెను. ఆ విమానమునకది 65వ ప్రయాణము. ఆరోహణ సమయమున ఒక ప్రయోగపరికరమువలన విద్యుత్ వ్యవస్థలో అలజడి కలిగెను. విమానము తన దిశనుండి ప్రక్కకు తిరుగజొచ్చెను. సుమారు 2,30,000 అడుగులయొద్ద, ధ్వనివేగమునకు ఐదు రెట్ల వేగమున, అది గిరగిర తిరుగుచు పడనారంభించెను. ఆడమ్స్ ప్రయత్నము వలనను, విమానపు సహజస్థిరత్వమువలనను సుమారు 1,18,000 అడుగులయొద్ద ఆ భ్రమణము ఆగెను. అప్పటికింకను ఆశ కలదు. కాని ఆ వెంటనే నియంత్రకము విమానపు ముక్కును పైకి క్రిందికి ఆగక ఊగించు పరిమిత చక్రకంపనమున చిక్కుకొనెను. గాలి దట్టమగుకొలది తగ్గవలసిన దిద్దుబలము తగ్గలేదు. కంపనభారము సహింపలేక విమానము ఆకాశముననే విచ్ఛిన్నమాయెను. ఆడమ్స్ మరణించెను.

ఈ ప్రమాదమునకు కారణములు పెక్కు గలవు. నియంత్రక మొక్కదానిపైననే దోషము మోపుట న్యాయము కాదు. కాని ఊగులాట ఎంతకాలము నిలుచునో, ఏ ఎల్లవఱకు క్షేమమో చెప్పగల సిద్ధాంతము ఆనాడు లేదనుట నిజము. పని చేయుట వేఱు. పని చేయునని నిరూపింపబడుట వేఱు. ఈ భేదమును ఆ దుర్ఘటన అందఱి కనులయెదుట నిలిపెను.

4. నిరూపణ యుగము

పరిష్కారమునకు బీజము అప్పటికే పడియుండెను. 1966లో పార్క్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఎమ్.ఐ.టి. సూత్రము కొన్ని సందర్భములలో అస్థిరమగునని చూపి, లియాపునోవ్ పద్ధతినుండియే సర్దుబాటు సూత్రమును రాబట్టెను. మొదట సూత్రమును కల్పించి పిదప స్థిరత్వమును పరీక్షించుట కాక, స్థిరత్వమునుండియే సూత్రమును పుట్టించుట ఇందలి విశేషము. రష్యాలో యాకుబొవిచ్, రుమేనియాలో పొపొవ్, అమెరికాలో కాల్మన్ 1960 తొలి సంవత్సరములలో కనుగొన్న ఫలితములు ఇందులకు ఆధారములయ్యెను. అయినను విచలనపు మార్పువేగములు కొలువ వీలుకాని వ్యవస్థలకీ పద్ధతి నేరుగ చెల్లలేదు. 1974లో మొనోపొలి ప్రవేశపెట్టిన వృద్ధిపొందించిన దోషము అను ఉపాయము దారి చూపినది గాని, నిరూపణలో వెలితి మిగిలెను.

ఈ ఘట్టముననే కుంపటి సుబ్రహ్మణ్య నరేంద్ర గారి కృషిని పేర్కొనవలెను. 1933లో మదరాసు నగరమున జన్మించి, 1954లో మదరాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు పట్టము పొంది, హార్వర్డులో 1959లో డాక్టరేటు గడించి, 1965నుండి యేల్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. వారును వారి శిష్యులును ఈ సమస్యను విడువక పట్టి శ్రమించిరి. 1980లో నరేంద్ర, లిన్, వలవాని ఒక పత్రమునను, మోర్స్ వేఱొక పత్రమునను, గుడ్విన్, రామడ్జ్, కెయిన్స్ మఱియొక పత్రమునను, వేర్వేఱు మార్గముల సమగ్ర నిరూపణమును ప్రకటించిరి. తగిన నిబంధనలు పాటింపబడినచో అనుకూలన వ్యవస్థలోని సమస్తరాశులును మేరలోనే యుండుననియు, దోషము శూన్యమునకు చేరుననియు సిద్ధించెను. ఇరువదేండ్ల ప్రశ్నకు సమాధానము లభించినది. నరేంద్ర గారును వారి శిష్యురాలు అనురాధా అన్నస్వామి గారును కలసి వ్రాసిన స్థిర అనుకూలన వ్యవస్థల గ్రంథము 1989లో వెలువడెను. 2003లో నరేంద్ర గారికి అమెరికా నియంత్రణశాస్త్ర సమాజము బెల్‌మన్ పురస్కారము నొసగెను.

ఇదే కాలమున స్వీడన్ దేశమున ఆస్ట్రోమ్, విట్టెన్‌మార్క్ 1973లో స్వయంసర్దుబాటు నియంత్రకమును ప్రతిపాదించిరి. కాగితపు యంత్రములయందును ఖనిజపు దళన యంత్రములయందును అట్టి నియంత్రకములను పరీక్షించిరి. విమానమునుండి కర్మాగారమునకు ఈ విద్య దిగివచ్చుట వారి చలువయే.

5. నిరూపణపై నిజము వేసిన ప్రశ్న

ఆ సంతోషము రెండేండ్లు మాత్రమే నిలిచెను. 1982లో రోర్స్, వలవాని, ఏథన్స్, స్టైన్ ఒక ప్రత్యుదాహరణమును ముందుంచిరి. నిబంధనలలో మొదటిది, యంత్రముయొక్క క్రమము తెలిసియుండవలెననునది. నిజమైన యంత్రములలో మన లెక్కకు రాని చిన్నచిన్న వేగవంతమైన కదలికలు ఎల్లప్పుడు కొన్ని యుండును. రోర్స్ బృందము ఒకటవ క్రమపు వ్యవస్థకు అట్టి రెండు కదలికలను జోడించి పరీక్షింపగా, చిన్న అలజడి నెలకొన్నంతనే పరామితులు మెల్లమెల్లగ ప్రక్కకు జరిగి, తుదకు వ్యవస్థ అస్థిరమాయెను. నిరూపణలో తప్పు లేదు. నిరూపణకు ఆధారమైన ఊహ ప్రపంచమున చెల్లలేదు.

మన చిన్న ఉదాహరణమున కూడ దీనిని చూడవచ్చును. వస్తువును ఎల్లప్పుడు ఒక చిన్న గాలి త్రోయుచున్నదనుకొందము. విచలనము పూర్తిగ శూన్యము కాదు. దాని వర్గము ఎంత చిన్నదైనను ధనాత్మకమే గనుక దిద్దుబలము పెరుగుచునే పోవును. లెక్క చూడగా చిరకాలమున అది కాలముయొక్క ఘనమూలముగ పెరుగునని తేలును. కాలము 8 రెట్లైనచో దిద్దుబలము 2 రెట్లగును. పైకి వస్తువు నెమ్మదిగనే యుండును, విచలనము మునుపటికంటె తగ్గుచునే యుండును. లోలోపల దిద్దుబలము ఎల్ల మీరుచుండును. ఏదో ఒకనాడది లెక్కకు రాని కదలికలను రేపును. పైకి కనబడు శాంతి లోపలి క్షేమమునకు సాక్ష్యము కాదు.

దీనికి పెక్కు చికిత్సలు ప్రతిపాదింపబడినవి. దోషము మిక్కిలి చిన్నదైనపుడు నేర్చుకొనుట మానవలెననుట ఒకటి. పరామితులు ముందుగ నిర్ణయించిన ఎల్లను దాటరాదనుట రెండవది. దిద్దుబలమునకు కొద్దిపాటి కారుదల కల్పించి, ప్రోద్బలము లేనపుడు అది తిరిగి తగ్గునట్లు చేయుట మూడవది. దీనిని 1983, 1984 ప్రాంతమున ఇయోవను, కొకొటొవిచ్ ప్రచారమునకు తెచ్చిరి. నాల్గవది యన్నిటికంటె మౌలికము. వ్యవస్థకు చాలినన్ని విధముల చలనము నిరంతరము లభించుచుండిన, పరామితులు సత్యవిలువలను చేరి అచటనే నిలుచును. చలనము లేనిచో నేర్చినది నిలువదు. దీనిని నిరంతర ప్రేరణమందురు.

6. అరేఖీయ చలనముల వింతలు

నేర్చినది నిలువనపుడు ఏమి జరుగునో 1985లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బ్రయన్ ఆండర్సన్ వివరించెను. వ్యవస్థ చిరకాలము ప్రశాంతముగ నడచును. ఆ ప్రశాంతతలో ప్రేరణము లేక పరామితులు తెలియకుండ జరుగుచుండును. అవి స్థిరత్వపు టెల్లను దాటగనే ఒక్కసారి పెద్ద ఊగులాట బయలుదేరును. ఆ ఊగులాటయే ప్రేరణమై, పరామితులను మఱల సరియైన చోటికి తెచ్చును. మఱల ప్రశాంతత; మఱల జరుగుదల; మఱల విస్ఫోటము.

1986లో మరీల్స్, బిట్‌మెడ్ మఱియొక వింతను నిరూపించిరి. యంత్రము నియంత్రకపు ఊహకంటె సంక్లిష్టమైనపుడు, సాధారణమైన అనుకూలన సూత్రము సైతము ఆవర్తన చలనమును గాని, కేయాస్ అనబడు అస్తవ్యస్త చలనమును గాని పుట్టింపగలదు. 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ వాతావరణ సమీకరణములలో చూచిన విచిత్రమే ఇచటను కానవచ్చెను. తొలిస్థితిలో అతిసూక్ష్మ భేదమున్నను కొంతకాలమునకు రెండు గమనములు పూర్తిగ వేఱగును. అయినను ఆ చలనము మేర దాటదు. అనగా మేరలో నుండుట వేఱు, ఊహింప వీలగుట వేఱు, శాంతించుట వేఱు. మునుపు స్థిరత్వమను ఒక్కమాటలో ఇమిడిన అర్థములను విడదీయవలసి వచ్చినది.

అరేఖీయ వ్యవస్థల స్థిరత్వమును విద్యార్థులకు అందుబాటునకు తెచ్చినవారిలో మతుకుమల్లి విద్యాసాగర్ గారొకరు. వీరు 1947లో గుంటూరున జన్మించిరి. సంఖ్యాశాస్త్రజ్ఞులైన మతుకుమల్లి వెంకట సుబ్బారావు గారి కుమారులు. 1978లో వెలువడిన వీరి అరేఖీయ వ్యవస్థల విశ్లేషణ గ్రంథము పెక్కు విశ్వవిద్యాలయములలో పాఠ్యమాయెను. 1989లో బెంగుళూరునందలి కృత్రిమమేధా రోబో శాస్త్ర కేంద్రమునకు సంచాలకులై పెక్కేండ్లు దానిని నడపిరి. 2012లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వము వీరిని వరించినది. తరువాతి కాలమున, యంత్రమే అరేఖీయమైనపుడును మెట్టు మెట్టుగ స్థిరత్వమును సాధించు పద్ధతిని కానెల్లాకొపౌలోస్, కొకొటొవిచ్, మోర్స్ 1991లో ప్రకటించిరి.

చరిత్రచక్రము మఱల ఎక్స్-15 కడకే వచ్చెను. 2010లో డైడెక్, అన్నస్వామి, లవ్రెట్‌స్కీ ఆ నాటి ప్రయాణమును గణకయంత్రముపై పునర్నిర్మించి, లియాపునోవ్ మార్గమున రూపొందించిన నియంత్రకమును అందు నిలిపి చూచిరి. వారి గణనయందు విమానము నిలుకడ కోల్పోలేదు. పోయిన ప్రాణము తిరిగిరాదు. కాని నలువదిమూడేండ్ల శ్రమ వ్యర్థము కాలేదని ఆ గణన సాక్ష్యమిచ్చినది.

7. ఉపసంహారము

యంత్రశాస్త్ర నియమములను మానవసమాజములకు నేరుగ అన్వయించుట పండితులకు తగదు. గణితము మనుష్యులను గూర్చి ఏమియు నిరూపింపలేదు. అయినను తరతరములుగ కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సీమలలో స్థిరపడి, ఆయా ప్రాంతముల భాషాచారములకు అనుకూలించుచు జీవించుచున్న మనకు ఈ చరిత్ర చదువునపుడు ఒక విషయము మనస్సునకు తగులకపోదు. మాఱుటవలన మనము చెడలేదు; మాఱకున్న నిలిచియుండెడివారమే కాము. ప్రమాదము మాఱుటలో లేదు. ప్రేరణము లేని ప్రశాంతతలో కలదు. ఇంట వినబడని భాష, వ్రాతకు నోచుకొనని లిపి, ఎవరును అడుగని పాత మాట, ఒక్కనాడు పోవునవి కావు. అంతయు బాగుగనే యున్నదని తోచు దినములలోనే అవి తెలియకుండ జరుగును.

సరంగు నేర్పు నిలుచుట ప్రతిదినము నీటిపైకి పోవుటవలననే. శాస్త్రజ్ఞులు అర్ధశతాబ్ది శ్రమించి నిరూపించినదియు దానికి భిన్నము కాదు.